గట్టి గోడకు మెత్తటి పూత

*చార్మినార్ మొదలుకొని గోదావరి పల్లెల్లోని మండువా లోగిళ్ల దాకా మన పాత కట్టడాలు పెచ్చులూడుతున్నాయి. కాపాడాలన్న తపనతోనే వాటిని చాలాసార్లు మరింత పాడుచేశాం. సిమెంటు చెరుపు ఏమిటి? సున్నం మేలు ఏమిటి? రాతిని ఎలా శుభ్రం చేయాలి? ఎక్కడ చెయ్యి ఆపాలి?*

2019 మే నెల మొదట్లో చార్మినార్ మినార్లలో ఒకదాని నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడి కిందపడింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం. చార్మినార్‌కు ఏమవుతుందోనని జనం కలవరపడ్డారు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం లోపల ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాళ్లను పట్టి ఉంచేది సున్నం. మన కంటికి కనిపించే పూలు, రేకులు, అంచుల మీది అల్లికలు మేస్త్రీలు చేత్తో తీర్చిన గచ్చు పని. రాయి ఎముకైతే ఈ గచ్చు చర్మం. ఆ రోజు ఊడిపడింది చర్మం. ఎండా వానా ముందుగా తాకేది దాన్నే. దెబ్బ తాను తిని లోపలి రాతిని కాపాడటమే దాని పని. నాలుగు శతాబ్దాలుగా అది అరుగుతూ, మళ్లీ మళ్లీ కొత్త పూత వేయించుకుంటూ ఆ పని చేస్తూనే ఉంది.

అందుకే పాత కట్టడాల సంరక్షణలో మొదటి సూత్రం వినడానికి వింతగా ఉంటుంది. మరమ్మతుకు వాడే పదార్థం పాతదానికంటే మెత్తగా ఉండాలి. వాన కొట్టినా, ఎండకు గోడ సాగినా, లోపలి చెమ్మ బయటికి తోసుకొచ్చినా ముందు కొత్త పూతే చెడాలి, పాత గోడ చెడకూడదు. పూత పోతే మళ్లీ వేసుకోవచ్చు. నాలుగు వందల ఏళ్ల నాటి ఇటుకను, ఉలి గుర్తులున్న రాతిని ఎవరూ మళ్లీ చేయలేరు. గత వందేళ్లలో ఈ ఒక్క సూత్రాన్ని మరిచి మనం ఎంతో పోగొట్టుకున్నాం.

రాయి సున్నమై, మళ్లీ రాయై...

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన రాతిసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పొంగి, మెత్తటి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూసిన తర్వాత, పోయిన వాయువునే గాలిలోంచి కొద్దికొద్దిగా తిరిగి తీసుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. సిమెంటు గంటల్లో బిగిసి, నెల తిరక్కుండానే తన బలంలో ఎక్కువ భాగం పుంజుకుంటుంది. సున్నానికి నెలలు, మందపాటి గోడల్లో ఏళ్లు పడుతుంది. పైనుంచి లోపలికి ఒక్కో పొరా నింపాదిగా గట్టిపడుతుంది.

ఈ నింపాదే దాని బలం. పునాది కాస్త కుంగినా, ఎండకు గోడ కాస్త సాగినా సున్నం సర్దుకుపోతుంది. సన్నటి బీటలు పడితే వాననీరు లోపల మిగిలిన సున్నాన్ని కరిగించి ఆ బీటల్లోనే పేరుస్తుంది. అది గట్టిపడి చీలిక పూడుతుంది. అన్నిటికీ మించి సున్నపు పూత గుండా ఆవిరి రాకపోకలు సాగుతాయి. వానాకాలం గోడ పీల్చుకున్న తడి ఎండాకాలంలో బయటికి వెళ్లిపోతుంది. పాత గోడలకు పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోంచి నీరు పైకి పాకుతూనే ఉంటుంది. అది వెళ్లడానికి దారి ఉన్నంతకాలం గోడకు భయం లేదు.

మన మేస్త్రీలు ఈ సంగతులు రసాయన శాస్త్రం చదివి తెలుసుకోలేదు, చేతుల్లో తెలుసుకున్నారు. గుండ్రటి కాలువలో ఎడ్లు తిప్పే రాతిచక్రం కింద సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి వెన్నలా నూరితే వచ్చేదే డంగు సున్నం. తీరప్రాంతాల్లో నత్తగుల్లలు కాల్చిన గుల్ల సున్నం వాడేవారు. అందులో ఊరబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, మినప జిగురు, కొన్నిచోట్ల మారేడు గుజ్జు కలిపేవారు. బెల్లంలోని చక్కెర వల్ల సున్నం నీటిలో ఎక్కువగా కరుగుతుంది, పనికి సాగుతుంది. మినప జిగురు పూతలో తడిని నిలిపి ఉంచుతుంది. నార ముక్కలు బీటలు రాకుండా పట్టి ఉంచుతాయి. ఆఖరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి గులకరాళ్లతో గంటల తరబడి రుద్దితే గోడకు పాలరాతి మెరుపు వచ్చేది. అదంతా పని తెలిసిన చేతుల విద్య. పాళ్లు ఊరిని బట్టి, ఆ ఊరి ఇసుకను బట్టి మారేవి.

సిమెంటు చేసే చేటు

మన దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది. కొద్ది దశాబ్దాల్లోనే అది అన్ని మరమ్మతులకూ మందు అయిపోయింది. చవక, చప్పున పని పూర్తవుతుంది, చూడ్డానికి గట్టిగా ఉంటుంది. పాత గుమ్మటాల మీద, కోట గోడల మీద, గుళ్ల మీద సిమెంటు అతుకులు పడ్డాయి. వేసినవారి ఉద్దేశం మంచిదే.

ఆ అతుకు వెనుక జరిగేది మాత్రం ఏళ్ల తర్వాత గానీ కంటపడదు. సిమెంటు పూత గుండా ఆవిరి తేలిగ్గా బయటికి రాలేదు. గోడలోని తడి దాని వెనుక చిక్కుకుంటుంది. ఆ తడిలో కరిగిన లవణాలు, సిమెంటు నుంచి దిగినవి కూడా కలుపుకొని, పక్కనే ఉన్న మెత్తటి ఇటుకలోకో సున్నపు అతుకులోకో మళ్లుతాయి. నీరు ఆరిన చోట ఉప్పు స్ఫటికమై పెరుగుతుంది, పెరుగుతూ ఇటుక రంధ్రాలను లోపలినుంచి పగలగొడుతుంది. గోడ చౌడు పట్టిందని మనం అనేది దీన్నే. సిమెంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని వెనుక మూడు తరాలు చూసిన ఇటుక పిండై రాలిపోతుంది. చివరికి పూత ఊడేటప్పుడు పాత గోడ ముఖాన్ని కూడా లాక్కుని ఊడుతుంది.

గోడ మీద వేళ్ల కణుపులతో మెల్లగా కొడుతూ చెవి పెట్టి వినడం సంరక్షకులు ముందుగా చేసే పరీక్ష. గట్టి చోట ఒక చప్పుడు, గుల్లబారిన చోట వేరొక చప్పుడు. గుల్ల అయిన ప్రతి చోటునూ పటం మీద గుర్తు పెట్టుకుంటారు. గుల్లగా ఉంది కదా అని వెంటనే కొట్టేయరు. పాత పూత వెనుకకు సన్నటి సూదితో పలచటి సున్నం ఎక్కించి తిరిగి గోడకు అతికించే వీలుందేమో చూస్తారు. తీసేయడం ఆఖరి మాట.

గోల్కొండ నేర్పిన పాఠం

ఈ మాటలన్నీ పెద్ద ఎత్తున ఆచరణలోకి వచ్చిన చోటు గోల్కొండ కోట పక్కనే ఉన్న కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణం. 106 ఎకరాల్లో సమాధులు, మసీదులు, మెట్ల బావులు కలిపి దాదాపు వంద కట్టడాలు. 2013 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వ పురావస్తు శాఖతో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఒప్పందం కుదుర్చుకుంది. దశాబ్దానికి పైగా సాగిన పని తర్వాత 2024 జూలైలో దాన్ని వారసత్వ ఉద్యానంగా ప్రజలకు అప్పగించారు.

అక్కడ చేసిన పనిలో పెద్ద భాగం, ముందు తరాలు వేసిన సిమెంటును తీయడం. గుమ్మటాల మీద, పైకప్పుల మీద, గోడల మీద ఉన్న ఆ పొరలను ఉలితో, సుత్తితో, పాత రాతికి దెబ్బ తగలకుండా అంగుళం అంగుళం తొలిచారు. ఆ తర్వాత సున్నం నూరి, పాతకాలపు పద్ధతిలో పొరలు పొరలుగా పూశారు. సమాధుల్లో ఎత్తయినది, 42 మీటర్లకు పైబడిన మహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి. అంత ఎత్తున పరంజా కట్టి చేత్తో పూత పూయడానికి ఎంత ఓపిక కావాలో చెప్పనక్కర్లేదు.

2013 వానలకు అక్కడి బడీ బావిలో ఒక గోడ కూలింది. పడిన రాళ్లనే ఏరి, సున్నంతో మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో యునెస్కో విశిష్ట పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు కూడా యునెస్కో గుర్తింపు దక్కింది. అది ప్రైవేటు కోట. సంకల్పం ఉంటే ప్రభుత్వ స్మారకాలకే కాదు, కుటుంబాల చేతుల్లోని కట్టడాలకూ ఈ పద్ధతి సాధ్యమేనని దోమకొండ చెబుతోంది.

హైదరాబాద్‌లోనే మరో రెండు చోట్లు చూడాలి. మొదటిది పైగా వంశపు ప్రభువుల సమాధులు. వాటి గోడల మీద ఉన్నంత సున్నితమైన గచ్చు పని దక్కనులో అరుదు. ఒక తోరణం మీది నమూనా పక్క తోరణం మీద ఉండదు. ఊడిపోయిన భాగాన్ని తిరిగి తీర్చాలంటే ఆధారం కావాలి: జతగా ఉన్న రెండో వైపు, పాత ఫొటో, మిగిలిన అంచు. ఆధారం లేనిచోట ఊహించి పువ్వు అతికించడం అబద్ధం చెప్పడమే. అక్కడ సాదా పూత వేసి ఆగిపోవాలి. ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ రెండో ఉదాహరణ. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు 1803 ప్రాంతంలో మొదలైన ఆ భవనం శిథిలావస్థకు చేరి, 2002లో ప్రపంచ స్మారకాల నిధి ప్రమాద జాబితాకెక్కింది. తర్వాత ఏళ్ల తరబడి సాగిన పనితో దాని స్తంభాలు, మెట్లు, సున్నపు పూతలు మళ్లీ నిలబడ్డాయి.

రాయి కూడా అరుగుతుంది

పూత సంగతి సరే, రాతికి ఏమవుతుందని చాలామంది ధీమా. రాళ్లన్నీ ఒకటి కావు. మోజంజాహి మార్కెట్‌ను కట్టిన గ్రానైటు మొండిది. 1935 నాటి ఆ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. ఇసుకరాయి అలా కాదు. రుద్రేశ్వరాలయంగా 1213లో వెలసిన పాలంపేట రామప్ప గుడి గోడలు ఎర్రటి ఇసుకరాతివి. 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన ఆ గుడికి, మూసీ ఒడ్డున హైకోర్టు ముఖంలో ఎర్రగా మెరిసే ఇసుకరాతికి నీరే పెద్ద శత్రువు. ఇసుకరాయి నీరు పీలుస్తుంది, ఉప్పు చేరితే రేకులు రేకులుగా లేస్తుంది.

రాతి కట్టడానికి మెత్తటి భాగం రాళ్ల మధ్య అతుకు. అక్కడ సిమెంటు దట్టిస్తే, లోపలి తడి అతుకు గుండా వెళ్లలేక రాతి గుండానే వెళ్తుంది. కొన్నేళ్లకు అతుకు ఉబ్బెత్తుగా నిలిచి, చుట్టూ రాయి గుంటపడుతుంది. ఇక్కడా సూత్రం అదే. అతుకు రాతికన్నా మెత్తగా ఉండాలి. రాళ్లను బిగించిన ఇనుప కడ్డీల సంగతీ ఇంతే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని చీలుస్తుంది. అతుకుల్లోకి నీరు దిగకుండా చూడటమే దానికి అసలు మందు.

శుభ్రం చేయడం దగ్గర మనం చేసే తప్పు ఇంకా పెద్దది. ఉత్సవాల ముందు, కుంభాభిషేకాల ముందు రాతి గోడల మీదికి యంత్రంతో ఇసుకను ఒత్తిడిగా చిమ్మే పద్ధతి చాలా గుళ్లలో జరిగింది. ఒక్క పూటలో రాయి తెల్లగా వస్తుంది. దానితోపాటు శతాబ్దాలుగా గట్టిపడిన పైపొర పోతుంది, శిల్పం కనురెప్ప పోతుంది, శాసనం అక్షరం పోతుంది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి కడప జిల్లా కలమళ్లలో రాతి మీదే ఉంది, 575 ప్రాంతపు రేనాటి చోళుల నాటిది. అలాంటి అక్షరాల లోతు చాలాచోట్ల మిల్లీమీటర్లలోనే. ఒక్కసారి ఇసుక చిమ్మితే చరిత్రలో ఒక పేజీ చెరిగిపోతుంది. తమిళనాడు దేవాలయాల్లో దీన్ని నిషేధించారు. మన దేవాదాయ శాఖలు కూడా ప్రతి ఆలయ అధికారికీ స్పష్టమైన మాటల్లో ఈ నిషేధం తెలియజేయాలి.

అయితే ఎలా కడగాలి? మెత్తటి పద్ధతి నుంచి మొదలుపెట్టి, సరిపోకపోతేనే ఒక్కో మెట్టు ఎక్కాలి. ముందు పొడి కుంచె. తర్వాత మంచినీరు, తక్కువ ఒత్తిడితో. అప్పటికీ మరక పోకపోతే బంకమట్టినో కాగితపు గుజ్జునో పట్టులా వేసి, ఆరేటప్పుడు మురికిని అదే లాగేసేలా చేయాలి. తాజ్‌మహల్ పాలరాతికి ముల్తానీ మట్టి పట్టు వేసేది ఇందుకే. రసాయనాలు ఆఖరున, నిపుణుల చేతుల్లో. సున్నం ఉన్నచోట యాసిడ్ ఊసే ఎత్తకూడదు, అది సున్నాన్ని తినేస్తుంది.

కాలం రాతికి ఇచ్చిన రంగు మురికి కాదు. పొగమసి వేరు, వయసు వేరు. ఈ రెంటి తేడా తెలిసినవాడే మంచి సంరక్షకుడు. అలాగే గోపురాల మీది సుధ (సున్నపు గచ్చు) బొమ్మలకు ఎనామిల్ రంగులు పూస్తే కొద్దికాలం కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, తర్వాత లోపల చెమ్మ చిక్కి బొమ్మలే పెచ్చులుగా రాలతాయి. వెల్ల వేయడం ఇంతకన్నా ఎంతో మేలు.

నీటికి దారి, చేతికి పని

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం గుమ్మటాల మీద మొక్కలు మొలిచిన ఫొటోలు మనందరం చూశాం. 1920లలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నమూనాతో లేచిన ఆ భవనాన్ని 2020 జూలైలో వార్డుల్లోకి వాననీరు చేరాక ఖాళీ చేయించారు. దాని భవిష్యత్తు మీద వాదోపవాదాలు ఎన్నయినా ఉండొచ్చు. ఒక్కటి మాత్రం వాదనకు అతీతం: పైకప్పు మీది నీరు పోయే తూములు ఏటా శుభ్రం చేసి, మొక్కలు మొలకలప్పుడే తొలగించి ఉంటే చాలా పాత భవనాలకు ఆ గతి పట్టేది కాదు. పిట్టలు వేసిన రావి, మర్రి విత్తనాలు సున్నపు సందుల్లో మొలుస్తాయి. పైకొమ్మ కోస్తే వేరు ఇంకా బలుస్తుంది. ముదిరాక పీకితే రాళ్లతో సహా వస్తుంది. చిటికెన వేలంత ఉన్నప్పుడే వేరును చంపాలి. పావురాలకు గింజలు చల్లే పుణ్యం వెనుక కూడా గచ్చుకు ముప్పుంది. వాటి రెట్టల్లోని ఆమ్లాలు, లవణాలు సున్నాన్ని తొలిచేస్తాయి.

పాత కట్టడాలను కాపాడటానికి చట్టం ఉంది. కేంద్ర రక్షిత స్మారకాల చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. తెలంగాణకు 2017 నుంచి సొంత వారసత్వ చట్టం ఉంది. కొరత ఉన్నది టెండరులో. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు, తక్కువ ధరకు కోట్ చేసినవారు పూర్తిచేయాలనే పద్ధతి సిమెంటుకు సరిపోతుంది. సున్నానికి సరిపోదు. తడిసున్నం గుంటలో వారాల తరబడి మాగాలి. పూత వేసే ముందు గోడను తడిపి, వేశాక తడి గోనెపట్టాలు కప్పి, మండుటెండ తగలకుండా రోజుల తరబడి కాయాలి. ఆ సమయాన్ని టెండరులో రాయకపోతే ఎంత మంచి మేస్త్రీ అయినా ఏమీ చేయలేడు.

ఆ మేస్త్రీలూ తగ్గిపోతున్నారు. పాతబస్తీలోనూ, ఇతర చోట్లా గచ్చు పని తెలిసిన తాపీ మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావాలంటే కూలీ గిట్టుబాటు కావాలి, గౌరవం దక్కాలి. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో డంగు సున్నం ఒక పాఠం కావాలి. సివిల్ ఇంజినీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా సున్నం తడిపి, పూత పూసి, అది ఎలా గట్టిపడుతుందో చూడాలి.

మీ ఇంట్లో పాత గోడ ఉంటే...

• గోడ నెమ్ముతుంటే ముందు నీరెక్కడినుంచి వస్తోందో వెతకండి. తూము, పంచ, పైపు బాగుచేయకుండా పూత పూస్తే డబ్బు దండగ.

• సున్నపు గోడ మీద సిమెంటు పూత, డిస్టెంపరు, ప్లాస్టిక్ పెయింటు వద్దు. వెల్ల వేయించండి.

• చౌడు తేలితే పొడి కుంచెతో దులిపి, ఎత్తి పారేయండి. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది.

• పాత పూత మొత్తం కొట్టించకండి. గుల్లబారిన భాగాన్ని మాత్రమే తీసి సున్నంతో అతుకు వేయించండి.

• పని మొదలుపెట్టక ముందు ప్రతి గోడకూ ఫొటో తీసి ఉంచండి. రేపు మరొకరు మరమ్మతు చేసేటప్పుడు అదే ఆధారం.

• ముందు ఎవరి కంటా పడని మూలన చిన్న ముక్క వేయించి, ఒక వానాకాలం గడవనిచ్చి చూడండి.

అడగాల్సిన ప్రశ్న

చంద్రగిరి రాజమహల్ విజయనగర రాజుల నాటి నుంచి రాయి, ఇటుక, సున్నాలతో నిలబడి ఉంది. దాన్ని కట్టినవారికి అప్పటికి సిమెంటు తెలియదు, మనకు సున్నం మరపున పడింది. వారి పద్ధతి తిరిగి నేర్చుకోవడానికి విదేశీ యంత్రాలు అక్కర్లేదు. ప్రతి జిల్లాలో ఒక సున్నపు గానుగ, అక్కడ పనిచేస్తూ నేర్పే నలుగురు మేస్త్రీలు, ప్రతి రక్షిత కట్టడానికీ వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ ఉంటే చాలు. ఇరవై ఏళ్లకొకసారి కోట్లు కుమ్మరించే కంటే ఏటా కొద్దిపాటి ఖర్చుతో తూములు శుభ్రం చేసి, అతుకులు సరిచేసి, వెల్ల వేయడం మేలు.

ఈసారి మీ ఊరి గుడికో, మసీదుకో, చర్చికో, తాతల నాటి ఇంటికో మరమ్మతు అనే మాట వచ్చినప్పుడు కమిటీలో, గ్రామసభలో, కాంట్రాక్టరు ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీరు వేయబోయేది పాతదానికంటే మెత్తగా ఉంటుందా? అవునని, ఎందుకో కూడా చెప్పగలిగితే పని మొదలుపెట్టనివ్వండి. చెప్పలేకపోతే, చెప్పగలిగే మేస్త్రీ దొరికేదాకా ఆపండి. తొందరపడి పాడుచేసుకోవడం కన్నా ఆగడమే ఆ గోడకు మేలు.